గుంట ఏ దేశపు సరుకు?

మా ఆఫీసు సిద్దిపేట బస్టాండు ఎదురు సందులో, చెప్పుల దుకాణం మీద ఉంటుంది. మధ్యాహ్నం కాగానే కింద బెజ్జంకి, చిన్నకోడూరు అని బస్సుల వాళ్ళు పిలిచే పిలుపులు కిటికీలోంచి పైకొస్తాయి. అవి నాకు జోలపాటలు. నిద్ర నాకు దగ్గరి చుట్టం, పిలవకపోయినా వచ్చి కూర్చుంటుంది. మా సార్‌కి ఈ సంగతి తెలుసు. "లేచినంక చెప్పమ్మా, ఫైలు పంపుత" అని నవ్వుతాడు తప్ప ఏమీ అనడు. కునుకు తీసినా పని మాత్రం ఆపను కదా.

మాది చిన్న సేవాసంస్థ. వస్తువులు కొనడం నా పని. డబ్బు మాది కాదు, ఎక్కడో చలిదేశం నుంచి వస్తుంది. డబ్బుతో పాటు ఒక నియమాల పుస్తకం కూడా వస్తుంది. అందులో పెద్ద నియమం ఒకటే: మా డబ్బుతో కొనే ప్రతి వస్తువూ మా దేశంలో తయారైందే కావాలి. చీర పెట్టినవాళ్ళు, రవిక మాత్రం మా దర్జీతోనే కుట్టించుకోవాలి అన్నట్టు. నేను వాళ్ళను తప్పుపట్టను. వాళ్ళ ఊళ్ళలోనూ పనిచేసేవాళ్ళుంటారు, వాళ్ళకూ పొయ్యి వెలగాలి. కానీ ఆ నియమం చదివినప్పుడల్లా నాకు కొంచెం కోపం, కొంచెం ఆవులింత వచ్చేవి.

నాకు ఇష్టమైనవి దాని తర్వాతి పేజీలు, మినహాయింపులు. అవి మూడు. ఆ వస్తువు వాళ్ళ దేశంలో తయారు కాకపోతే ఇక్కడ కొనుక్కోవచ్చు. తయారైనా ఇక్కడి పనికి కుదరకపోతే కొనుక్కోవచ్చు. ప్రయాణానికి తట్టుకోలేనిదైతే కొనుక్కోవచ్చు. ఆ మూడు మాటలూ చదువుతూ రెప్ప వాలిస్తే ఎక్కడెక్కడికో పోయేదాన్ని. వేపచెట్టు నీడ ఏ దేశంలో తయారైనట్టు? తొలకరి వాసన ఓడలో వస్తే పాడవుతుందా? పొద్దున వాకిట్లో చల్లే అలుకు చప్పుడును ఏ మినహాయింపు కింద రాయాలి? అట్లా అనుకుంటూ ఉంటే కింద బస్సు హారను కొట్టేది, నేను లేచి కుట్టుమిషన్ల బిల్లు చూసేదాన్ని.

ఆ కుట్టుమిషన్లు జలాశయం కింద మునిగిన ఒక ఊరి ఆడవాళ్ళ కోసం. ఆ ఊరివాళ్ళకు వేరే చోట కాలనీ కట్టించారు. వరసగా ఒకే తీరు ఇండ్లు, ఇంటి ముందు నల్లా, లోపల శాబాద్ బండలు. చలిదేశం మిషన్లు బాగానే ఉన్నాయి, తీసుకున్నవాళ్ళు సంతోషంగానే కుట్టుకున్నారు. ఒక్క ముసలామె మాత్రం మిషను వద్దంది, మగ్గం అడిగింది. గొల్లభామ చీరలు నేసిన చేతులు ఆమెవి. చీర అంచున చల్లకుండ నెత్తిన పెట్టుకున్న గొల్లభామ బొమ్మను దారం దారంగా తీసిన మనిషి. ఆ కాలనీలో ఆ పని వచ్చినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. నేను ఆమెను అవ్వా అనేదాన్ని.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అవ్వ మంచం మీద నిద్రపోతోంది. నిద్రలోనే కుడిచెయ్యి ఇటు, ఎడమచెయ్యి అటు చిన్నగా కదులుతున్నాయి.

"ఊరిడిసినప్పటిసంది గిదే కథ మేడం," అంది అవ్వ కూతురు, బీడీలు చుడుతూనే. "పగలంత చేతులు ఒడిల పెట్టుకొని ఊకె కూసుంటది. పండుకున్నదంటె నేస్తది."

ఈమెను మెలకువలో నేయించాలి అనుకున్నాను. ఆ ఎండాకాలం దాటితే మా ప్రాజెక్టు మూతపడుతుంది, ఆ తర్వాత ఎవరు అడిగినా ఏమీ ఇవ్వలేం. ఉన్న వ్యవధి అంతే.

నియమం ప్రకారం మగ్గం కూడా చలిదేశం నుంచే వచ్చింది. చెక్కపెట్టె విప్పగానే అవ్వ ఇంటి ముందు గదంతా ఎరగని అడవి వాసన నిండింది. లేత రంగు చెక్క, నున్నగా తోమిన అంచులు, కూర్చోవడానికి ఎత్తైన బల్ల. చూడముచ్చటైన వస్తువు, కాదనను. అవ్వ దాని చుట్టూ తిరిగి, చేత్తో నిమిరి, బల్లెక్కి కూర్చుంది. పాదాలు గాలిలో వేలాడాయి.

"అవ్వా, ఎట్లున్నది?" అన్నాను.

"మంచిగనే ఉన్నది బిడ్డా. గని కాళ్ళు యాడ పెట్టాలె?"

కాళ్ళ కింద పీట వేశాం. పడుగు ఎక్కించింది, నేయబోయింది. చైత్రం ఎండకు పోగులు ఎండుగడ్డిలా టప్పుమని తెగాయి. ముడివేసింది, మళ్ళీ తెగాయి. మా వైపు గుంట మగ్గం ఎందుకు పెడతారో నేతింట పుట్టిన నాకు తెలియనిది కాదు. మనిషి గుంటలో కాళ్ళు దించి నేల మీద కూర్చుంటుంది, పడుగు నేలకు దగ్గరగా ఉంటుంది, మట్టిలోని చెమ్మ దారాన్ని కాపాడుతుంది. తెలిసీ నియమానికి తలూపాను, ఏం చేస్తాం, డబ్బు వాళ్ళది. తర్వాతి వారం వెళ్ళేసరికి చలిదేశపు మగ్గం మీద కూతురి చీరలు ఆరేసి ఉన్నాయి.

దాహమేసి నల్లా వైపు వెళ్ళబోతే కూతురు నన్ను ఆపింది. "అవ్వ సూస్తే లొల్లి చేస్తది మేడం. ఆమెకు బోరింగు నీళ్ళే. గా నల్లాల వచ్చేటియి మా ఊరి మీద నిలవడ్డ నీళ్ళేనంట. ముట్టదు."

కాలనీ చివర బోరింగు ఉంది. అవ్వ రోజూ చిన్న బిందె పట్టుకుని అక్కడిదాకా నడిచి తెచ్చుకుంటుంది. ఇంటి ముందు నల్లా ఉండగా ఈ పంతమేంటని నేను మనసులో విసుక్కున్నాను. ఆమె ఇచ్చిన నీళ్ళు మాత్రం తాగి వచ్చాను.

ఆ రోజే గుంట మగ్గానికి మినహాయింపు కోరుతూ రాశాను. వారం తిరగకముందే చలిదేశంలో మా ఫైళ్ళు చూసే మేడం దగ్గరి నుంచి జవాబొచ్చింది. కొయ్య సామాను ఇక్కడ చేయించుకోవచ్చట, వాళ్ళ దగ్గర అటువంటిది తయారు కాదు కాబట్టి మొదటి మినహాయింపు వర్తిస్తుందట. మరి గుంట? గుంటను ఎవరు సరఫరా చేస్తారు, ఏ దేశంలో తయారైంది, ముగ్గురు అమ్మకందారుల దగ్గర కొటేషన్లు తీసుకున్నారా? సారూ నేనూ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. నవ్వు ఆగాక ఇద్దరికీ భయమేసింది.

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటే గిదే," అన్నాడు సార్. "నువ్వే మాట్లాడమ్మా ఆమెతోని. నాకైతె గుంటను ఇంగ్లీషుల ఎట్ల చెప్పాలో తెల్వది."

కంప్యూటరులో ఆ మేడం కనబడింది. నా వయసే ఉంటుంది. ఆమె వెనక కిటికీలో బూడిదరంగు వాన పడుతోంది. మా కిటికీలో ఎండ మండుతోంది. కాసేపు నేను ఆ వానే చూస్తూ కూర్చున్నాను, ఎంత బాగుందో.

"గుంట అంటే మీరు ఏం కొంటున్నారు?" అని అడిగింది.

"ఏమీ కొనం మేడం. ఉన్న మన్ను తీసేస్తాం, అంతే."

"కొలతలు?"

"ఆమె మోకాలు. కూర్చునే మనిషి మోకాలిని బట్టి లోతు."

"తయారైన దేశం రాయకుండా నేను ఈ ఫైలు ముందుకు పంపలేను," అంది. తప్పు ఆమెది కాదని గొంతులో తెలుస్తోంది.

నాకు కోపమొచ్చింది. కోపమొస్తే నా ఇంగ్లీషు బాగా నడుస్తుంది. మీ మగ్గం మీద కూర్చుంటే ఆమె పాదాలకు నేల తగలదని, మా ఎండకు దారం తెగుతుందని, ఆమె నిద్రలో నేస్తోందని చెప్పాను. చెబుతూ చెబుతూ ఎక్కడికి పోయానో, మా బాపమ్మ దగ్గరికి పోయాను. బాపమ్మ అంటే మా బాపు తల్లి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆమె నేస్తుంటే నేను మగ్గం కిందికి దూరి, గుంటలో ఆమె కాళ్ళ పక్కన ముడుచుకుని పడుకునేదాన్ని. లోపల చల్లగా, తడిమన్ను వాసన. పైన పడుగు, దాని సందుల్లోంచి సన్నటి చారలుగా దిగే వెలుతురు. తొక్కుడుచెక్క దిగినప్పుడల్లా బాపమ్మ మడమ నా భుజాన్ని తాకేది. ఆ తాకుడుకు నిద్రొచ్చేది, ఆ తాకుడు ఆగితే మెలకువొచ్చేది. నా నిద్రంతా అక్కడ నేర్చుకున్నదే. తర్వాత బాపు మరమగ్గాల పనికి భివండి పోయాడు, తిరిగొచ్చి కిరాణం పెట్టాడు, గుంట పూడ్చి బండలు పరిచాడు. ఇప్పుడక్కడ ఉప్పు బస్తాలుంటాయి.

ఇదంతా ఫైలుకు అక్కరలేని మాట. ఆమె మధ్యలో ఆపలేదు. నేను ఆగాక కొంచెంసేపు కాగితాలు తిప్పింది.

"ఈ గుంటను ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్ళవచ్చా?" అంది.

"లేదు."

"అయితే మూడో మినహాయింపు. ప్రయాణానికి తట్టుకోలేని వస్తువు. స్థానికంగా తయారు చేసుకోవచ్చు అని రాస్తాను."

ఆ క్షణాన ఆమె పక్కనే ఉంటే కౌగిలించుకునేదాన్ని. వాన కూడా కొంచెం నా మీద పడేది.

అనుమతి వచ్చింది. చలిదేశపు మగ్గాన్ని మా శిక్షణ గదికి పంపించాం. అవ్వ ముందు గదిలో శాబాద్ బండలు లేపారు, కింద గట్టి మొరం. పక్కింటివాళ్ళు గడ్డపారతో తవ్వారు. వడ్రంగం చేసే వడ్లాయన నిలువు కొయ్యలు పాతాడు. అవ్వ మోకాలిని తాడుతో కొలిచి లోతు చూసుకున్నారు. అంతా అయ్యాక "దిగు అవ్వా" అన్నాను. అవ్వ గుంట అంచున నిలబడి లోపలికి చూసింది, కొంగు సర్దుకుంది, వెనక్కి తిరిగి పోయి మంచం మీద కూర్చుంది.

"ఏమైంది అవ్వా?"

"పాత గుంట మన్ను వెయ్యందే కొత్త గుంటల కాలు పెట్టద్దు బిడ్డా. మా అత్త పెట్టలె, మా అత్తకు అత్త పెట్టలె. గుంట మారితే పిడికెడు మన్ను తెచ్చి కొత్తదాన్ల కలిపి అలుకుతరు. మా ఇంటి రివాజు."

"మరి తేలేదా?"

కూతురు తల వంచుకుని తునికాకు కత్తిరిస్తోంది.

"తీసిన," అంది అవ్వ చివరికి. "ఊరిడిసే దినం పొద్దుగాల గుంటల దిగి కొంగుల పోసుకున్న. లారీ హారను కొడుతున్నది. అప్పుడనిపించింది, మన్ను తీసుకపోయిన్నంటె ఇగ గీ గుంట ఖతమైనట్టే గదా అని. మల్ల అండ్లనే పోసి వచ్చిన."

చలిదేశం వాళ్ళ నియమాన్ని చూసి నవ్వుకుంటూ నెలలు గడిపిన మనిషిని నేను. ఇక్కడ శాబాద్ బండల మీద కూర్చుని ఈ ముసలామె అదే నియమం చెబుతోంది: సరుకు మా చోటి నుంచే రావాలి. కాకపోతే ఆ చోటు ఇప్పుడు నీళ్ళ అడుగున ఉంది.

ఆ సాయంత్రం ఇద్దరం ఆటోలో జలాశయం కట్ట మీదికి పోయాం. పోదామన్నది అవ్వే. ఎండ చల్లబడింది. నీళ్ళు ఎటు చూస్తే అటు, పొద్దు వాలుతున్న వైపు పసుపుగా, మన వైపు నల్లగా. గాలికి చిన్న చిన్న అలలు కట్ట రాళ్ళను నాకుతున్నాయి. ఆ నీళ్ళ కింద ఒక వీధి, వీధిలో ఒక ఇల్లు, ఇంట్లో ఒక గుంట, గుంటలో పిడికెడు మన్ను ఉన్నాయని అనుకుంటే నాకు మళ్ళీ చిన్నప్పటి నిద్రలాంటిది కమ్మింది. చేపలు గుంటలో దిగి పడుకుంటాయేమో, పడుగు సందుల్లోంచి దిగినట్టు వాటి మీద కూడా వెలుతురు చారలుగా దిగుతుందేమో.

"గాడ," అని అవ్వ చెయ్యెత్తి చూపించింది. కాసేపటికి చెయ్యి కొంచెం పక్కకు జరిపింది. "కాదు, గాడ." తర్వాత చెయ్యి దించేసింది. "తెలుస్తలేదు బిడ్డా," అంది. ఆమె ఏడవలేదు, నేనే ఏడ్చాను.

తిరిగొస్తూ ఆటోలో ఏదో ఒకటి చెయ్యాలని మా ఇంటి సంగతి చెప్పాను. ఉప్పు బస్తాల కింద మా బాపమ్మ గుంట ఉంది, బండ లేపి మన్ను తెస్తాను, అది వేసుకో అన్నాను.

"మీ బాపమ్మ కాళ్ళు పెట్టిన మన్ను మీ బాపమ్మది బిడ్డా. నాకెందుకొస్తది?"

"అవ్వా, ఆ దేశపోళ్ళ పుస్తకంలో కూడా గట్టి రూలే ఉండె. దొరకని వస్తువుకు వాళ్ళే మినహాయింపు ఇచ్చిన్రు. నువ్వు కూడా..."

"వాళ్ళ రూలు వాళ్ళిడిసిన్రు," అంది అవ్వ, బయటికి చూస్తూ. "నా రూలు నేనే ఇడవాలె గదా. ఇంకొగలు ఇడువుమంటె ఇడిసేది గాదది."

ఇంటికి వచ్చాక నాకు నిద్ర పట్టలేదు, నాకే!

ఎండలు తగ్గుముఖం పట్టాయి. మా సార్ ప్రాజెక్టు ముగింపు కాగితాలు తయారుచేయమన్నాడు. గుంట అట్లాగే తవ్వినచోట తవ్వినట్టే ఉంది. నేను ఫోను చేసినప్పుడల్లా కూతురు "గట్లనే చూసుకుంట కూసుంటున్నది మేడం" అనేది. ఒక పొద్దున అవ్వే ఫోను చేయించింది, రమ్మంది.

నేను వెళ్ళేసరికి ముందు గదిలో ఎర్రమన్ను కుప్ప పోసి ఉంది, పక్కనే గంపలో పేడ. అవ్వ చీర ఎగగట్టి నల్లా దగ్గర నిలబడి ఉంది. చేతిలో బిందె కాదు, పాత ఇనుప బకెట్టు. నల్లా తిప్పింది. నీళ్ళు మొదట దగ్గినట్టు వచ్చి, తర్వాత ధారగా పడ్డాయి. అవ్వ ధార కింద చెయ్యి పెట్టి ఉంచింది. బకెట్టు నిండి పొర్లిపోతున్నా చెయ్యి తియ్యలేదు. కూతురు వచ్చి నల్లా కట్టేయబోతే నేను వద్దని సైగ చేశాను.

"మన్నయితె రాదు," అంది అవ్వ, ఎవరితోనో తెలియదు. "మన్ను మీదున్న నీళ్ళు వస్తున్నయి గదా."

ఆ నీళ్ళు పోసి మన్నూ పేడా కలిపింది. గుంట అంచున బోర్లా వంగి గోడలు అలికింది, అడుగు అలికింది, అరచేతి గుర్తులు వరసగా పడేటట్టు అలికింది. నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. అయిపోయిందనుకుని నేను చప్పట్లు కొట్టబోతే, "ఇల్లలకంగనే పండుగ గాదు, ఆరాలె," అని కసిరింది. ఆ కసురు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆరింది. వడ్లాయన వచ్చి మగ్గం బిగించాడు. ముగింపు కాగితాలు పంపేలోపు ఫోటో కోసమని నేను వెళ్ళిన రోజు, అవ్వ గుంటకు పసుపు కుంకుమ పెట్టి, కుడికాలు దించింది, తర్వాత ఎడమకాలు. పాదాలు అడుగున ఆనాయి. కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంది. తర్వాత పేక దారం మోసే నాడె చేతిలోంచి చేతిలోకి జారింది. ఆ గదిలో బాపమ్మ మధ్యాహ్నాల చప్పుడు మొదలైంది, నేను గోడకు జారగిలబడి నిజంగానే కునుకు తీశాను. మెలకువొచ్చేసరికి బెత్తెడు బట్ట తయారై ఉంది. ఒక్క పోగూ తెగలేదంది కూతురు. ఫోటో తీయడం మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చింది.

అవ్వ గుంటలోంచి పైకొచ్చింది. మెడంతా చెమట. నాకు సంతోషం పట్టలేక పరుగున పోయి, నల్లా తిప్పి గ్లాసు నింపుకొచ్చి ఆమె చేతికిచ్చాను. ఇక ఆ నీళ్ళతో ఆమెకు సఖ్యత కుదిరిందనుకున్నాను. అవ్వ గ్లాసులోకి చూసింది. మగ్గం దగ్గరికి పోయి, ఆ నీళ్ళు గుంట గోడల మీద, పడుగు కింద మెల్లగా చిలకరించింది. ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టింది.

"గుంటకే బిడ్డా," అంది. "నాకు గాదు."

తర్వాత బిందె చంకన పెట్టుకుని బోరింగు వైపు నడిచింది.